వానలకు ముందు స్టెయిన్‌లెస్ స్టీల్ రెయిలింగ్‌కు కోటింగ్ వేయిస్తున్నారా?

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో క్లినిక్ మెట్ల రెయిలింగ్‌కు బాక్టీరియాను, తుప్పును ఆపే కోటింగ్ వేయించే ముందు ఇవి చూసుకోండి.

బాత్రూమ్ యాసిడ్‌తో అస్సలు కడగనివ్వకండి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. స్టీల్‌ను కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొరను అది తినేసి, సన్నని గుంతలు పెడుతుంది. పైన ఎంత ఖరీదైన కోటింగ్ వేసినా లోపల తుప్పు నడుస్తూనే ఉంటుంది, చివరికి రెయిలింగే మార్చాల్సి వస్తుంది.

మామూలు ఇనుప బ్రష్ వద్దు. దాని రజను అంటుకుని ముందు అదే తుప్పు పడుతుంది.

వెల్డింగ్ దగ్గర నీలం, గోధుమ రంగు మచ్చలు పూర్తిగా పోవాలి. తుప్పు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. తర్వాత సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్, అంటే ఆ క్రోమియం ఆక్సైడ్ పొర మళ్లీ గట్టిపడేలా శుద్ధి చేయించి, మంచినీళ్లతో కడిగించండి.

స్టీల్ గ్రేడ్ ఎంతో అడగండి. 316 గ్రేడ్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలికి 304 కంటే బాగా నిలుస్తుంది.

ముసురు రోజున వేయించకండి. స్టీల్ ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేదంటే కంటికి కనిపించని తేమ మీద వేసిన కోటింగ్ పొరలుగా లేచిపోతుంది.

బాక్టీరియాను ఆపడానికి వెండి అయాన్ల కోటింగ్ వేస్తామంటే, అది బాక్టీరియాను ఎంత తగ్గిస్తుందో చూపే ఐఎస్ఓ 22196 పరీక్ష రిపోర్టు అడగండి. ఆ పరీక్షలో బాక్టీరియాను 24 గంటలు ఉంచి చూస్తారు, అంటే చెయ్యి పెట్టగానే చచ్చిపోతాయని కాదు. రోజూ తుడవడం మానొద్దు, బ్లీచింగ్ నీళ్లు మాత్రం వాడొద్దు.