గోదాములో హోస్‌లకు పగుళ్లు ఎలా ఆగాయంటే: నా అనుభవం

చంద్రపూర్‌లో గనుల యంత్రాలకు హైడ్రాలిక్ హోస్‌లు (ఒత్తిడితో నూనె మోసే రబ్బరు గొట్టాలు) అమ్మే గోదాము చూసుకుంటాను. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరు. పోయిన ఏడాది వాడని హోస్ వంచి చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు. గుండె జారిపోయింది. ఎండ వల్ల అనుకున్నాను, కానీ కిటికీ చాలా దూరం. పక్కనే వెల్డింగ్ మెషిన్ ఉంది! దాని ఆర్క్ (వెల్డింగ్‌లో వచ్చే కరెంటు మెరుపు) దగ్గర, మోటార్ల స్పార్క్ దగ్గర పుట్టే ఓజోన్ అనే వాయువు రబ్బరును తినేస్తుంది, అదీ వంగి సాగిన చోటే ముందు.

మెషిన్‌ను బయటి షెడ్డుకు మార్చాం. మేకులకు వేలాడే హోస్ చుట్టలు దింపి, వదులుగా చుట్టి రాక్‌లో పరిచాం. చివరలకు మూతలు పెట్టాం. హోస్ మీద ‘2క్యూ23’ అని ఉంటే 2023 రెండో త్రైమాసికంలో తయారైనట్టు. ఇప్పుడు ఆ తేదీని ప్రతి చుట్టకూ పెద్దక్షరాల్లో అట్టముక్క మీద రాసి కడుతున్నాం, పాతదే ముందు బయటికి వెళ్తుంది.