రాజీనామా రాసే ముందు ఆరు వారాల లెక్క

ఉద్యోగం మానేయాలన్న ఆలోచన ఎక్కువగా రెండు రోజుల్లో గట్టిగా వస్తుంది. ఒకటి, మేనేజర్ నలుగురిలో కసిరిన రోజు. రెండోది, ఇంక్రిమెంట్ లెటర్ చేతికొచ్చిన రోజు. ఆ రెండు రోజుల్లోనూ ఏ నిర్ణయమూ తీసుకోకండి. అలాగని "ఎక్కడైనా ఇంతేలే" అని సర్దుకుపోతూ ఏళ్లు గడిపేయడం కూడా అంతే నష్టం. కోపం నాలుగు రోజుల్లో చల్లారుతుంది, అలవాటు నాలుగేళ్లయినా కదలనివ్వదు. అందుకే నిర్ణయాన్ని ఈ రెంటి చేతికీ ఇవ్వకుండా కాగితం మీద పెట్టాలి.

ఆగి చూడాల్సిన పని లేని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. జీతం వరసగా రెండో నెల కూడా ఆలస్యమైతే ఆ రోజే వెతకడం మొదలుపెట్టండి. సంస్థ దగ్గర డబ్బు ఆడనప్పుడు వెళ్లిపోయేవాళ్ల ఫైనల్ సెటిల్‌మెంట్ కూడా ఇరుక్కుపోతుంది, కాబట్టి ఆగినకొద్దీ రావాల్సింది పెరుగుతుందే తప్ప చేతికి రాదు. తప్పుడు లెక్కల మీదో, పాత తేదీ వేసిన కాగితాల మీదో సంతకం పెట్టమంటే పెట్టకండి. రేపు నిలదీసేది సంతకం పెట్టినవాళ్లనే. లైంగిక వేధింపులు, ప్రాణానికి ప్రమాదమున్న పనిలో రక్షణ సామగ్రి ఇవ్వకపోవడం కూడా ఈ కోవలోవే. ఏం జరిగిందో తేదీ, సమయం, ఎదురుగా ఎవరున్నారో సహా రాసుకుని, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, వీలైతే లాయర్‌ను కలవండి.

మిగతా అన్ని సందర్భాల్లో ఒక చిన్న నోటుబుక్కు, ఆరు వారాలు చాలు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం రాయొద్దు. అది సంస్థది, అందులో ఉన్నది వాళ్లు చదవగలరు, వెనక్కి ఇచ్చేటప్పుడు మీ రాతలూ దాంతోపాటే పోతాయి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు కేటాయించి ఐదు విషయాలు రాయండి: పొద్దున బయల్దేరేటప్పుడు మనసెలా ఉందో 1 నుంచి 5 దాకా ఒక అంకె, ఎన్ని గంటలు పనిచేశారు, కొత్తగా ఏం నేర్చుకున్నారు, మీ చేతిమీదుగా ఏం పూర్తయింది, ఏది విసిగించింది. ఒక రోజు రాత ఇలా ఉంటే సరిపోతుంది:

"మంగళవారం. 2. పది గంటలు. నేర్చుకున్నది లేదు. పాత రిపోర్టులో తేదీలు మార్చి మళ్లీ పంపాను. శుక్రవారం ఖాయం చేసిన డిజైన్‌నే మూడోసారి మార్చమన్నారు, ఎందుకో చెప్పలేదు."

"చిరాకుగా ఉంది" అని రాస్తే నెల తర్వాత ఆ మాట ఎందుకూ పనికిరాదు. ఎవరు, ఏమన్నారు, ఏం చేశారు అన్నది ఉండాలి. ఆరు వారాలే ఎందుకంటే, అంత కాలంలో ఒక నెలాఖరు హడావిడీ, కొన్ని తీరిక రోజులూ రెండూ వస్తాయి. రెండు వారాలకే ఆపేస్తే ఏదో ఒకటే కనిపిస్తుంది. మధ్యలో వెనక్కి తిరగేయకండి. చివర్లో ఒకేసారి కూర్చుని చదవండి.

చదివేటప్పుడు ముందు అంకెలు చూడండి. వారానికి ఐదు రోజుల పని అయితే మొత్తం ముప్పై అంకెలుంటాయి. వాటిలో సగానికి పైగా 1, 2 ఉంటే విషయం గట్టిదే. కానీ అసలు సంగతి విసుగు గురించి రాసిన వాక్యాల్లో ఉంటుంది. ఒక్కోదాని పక్కనా ఒక మాట రాయండి: వ్యక్తి, పని, సంస్థ, వృత్తి, ఇల్లు. ఎక్కువసార్లు వచ్చిన మాటే మీకు దారి చూపిస్తుంది.

"వ్యక్తి" అయితే టీమ్ మారడమే చాలవచ్చు. "పని" అయితే బాధ్యతలు మార్చమని అడిగి చూడాలి. "సంస్థ" అంటే పైవాళ్ల మాట నిలకడ లేకపోవడం, ప్రమోషన్లలో పక్షపాతం, ఒకరు మానేస్తే వాళ్ల పని మిగతావాళ్ల నెత్తిన పడటం లాంటివి, మీరు లోపలుండి మార్చగలిగినవి కావు. అక్కడ సమయం అయినట్టే. "వృత్తి" అని తేలితే మాత్రం కంపెనీ మారి లాభం లేదు. కొత్త కుర్చీ, కొత్త బ్యాడ్జి, కొన్నాళ్లకు మళ్లీ అదే నోటుబుక్కు. చాలామంది పొరబడేది ఇక్కడే: వృత్తి నచ్చనివాళ్లు కంపెనీలు మారుస్తూ పోతారు, మేనేజర్ ఒక్కరితో పడనివాళ్లు వృత్తినే వదిలేస్తారు. ఇక "ఇల్లు" అన్న మాట పదేపదే వస్తుంటే, అంటే నిద్ర, అనారోగ్యం, అప్పు, కుటుంబంలో గొడవ, రాజీనామా ఆ చిక్కును విప్పదు. వచ్చే జీతమూ ఆగి ఇంకాస్త బిగుసుకుంటుంది.

అలసట సంగతి వేరుగా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చి, మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగి అన్నిటినీ చేదుగా చూడటం, పనిలో సామర్థ్యం తగ్గడం. ఒకటి మాత్రమే ఉంటే సెలవు పెట్టి చూడండి. సెలవు నుంచి తిరిగొచ్చిన రెండో రోజుకే అంకె మళ్లీ 1కి పడితే విశ్రాంతితో తీరే అలసట కాదది. గంటల లెక్కనూ తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేక వారాలు గడుస్తుంటే మాత్రం రాజీనామా కంటే ముందు డాక్టర్.

ఏ బాధా లేకుండా వచ్చే సూచన ఒకటుంది, దాన్ని పసిగట్టడం కష్టం. రెజ్యూమె తీసి, గడిచిన 12 నెలల్లో చేసినదాని గురించి మూడు కొత్త వాక్యాలు రాయడానికి ప్రయత్నించండి. రాయలేకపోతే, రోజులు హాయిగానే వెళ్తున్నా మీ పనితనం బయట విలువ కోల్పోతోందని అర్థం. ఇంకో ప్రశ్న: మీకంటే రెండు మెట్లు పైనున్నవాళ్ల పని మీకు కావాలనిపిస్తోందా? అక్కర్లేదనుకుంటే ఆ మెట్లు ఎక్కుతున్నది ఎందుకు?

"ఇన్నేళ్లు చేశాను కదా" అన్న మాట నిర్ణయంలోకి రానివ్వకండి. ఆ ఏళ్లు ఉన్నా మానేసినా తిరిగిరావు. లోపలి సంగతులన్నీ తెలిసి, ఈ ఉద్యోగాన్నే ఇవాళ కొత్తగా ఇస్తామంటే చేరతారా అని మిమ్మల్ని మీరే అడగండి. అమెరికన్ ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్, ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లతో ఆన్‌లైన్‌లో నాణెం ఎగరేయించి చూశారు. ఉద్యోగం మానడం లాంటి పెద్ద విషయాల్లో, మార్పు వైపు వెళ్లినవాళ్లే ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు. వాళ్లంతా అప్పటికే గట్టు మీద కూర్చున్నవాళ్లన్నది మరవకూడదు. మీరూ నెలల తరబడి ఆ గట్టు మీదే ఉంటే ఆ ఫలితం మీకూ వర్తించవచ్చు.

వెళ్లేముందు ఒక్కసారి అడగండి. ఒకే కోరిక, ఒక తేదీతో: "వచ్చే మూడు నెలల్లో ఒక ప్రాజెక్టు మొత్తం నా బాధ్యతగా కావాలి. వీలవుతుందో లేదో నెలాఖరుకు చెప్పగలరా?" మాట్లాడింది అదే రోజు రెండు వాక్యాల మెయిల్‌లో పంపండి. లేకపోతే తర్వాత "అలా అనుకోలేదే" అంటారు. 90 రోజుల్లో మూడుసార్లు "చూద్దాం" అన్న జవాబే వస్తే కాదన్నట్టే లెక్క. మానేస్తానని బెదిరించి మాత్రం అడగొద్దు. ఆ మాట ఒకసారి నోరు జారితే కొత్త పని ఎవరికివ్వాలన్నప్పుడల్లా మీ పేరు పక్కకు పోతుంది.

డబ్బు లెక్క వేయడంలో జరిగే తప్పు దాదాపు అందరిదీ ఒకటే: ఏడాదికోసారి వచ్చే ఖర్చులు మర్చిపోవడం. నెలకు 30,000 ఖర్చు, చేతిలో 1,80,000 ఉంటే ఆరు నెలలు గడుస్తుందనుకుంటాం. బీమా, ఫీజులు, మరమ్మతులు కలిపి ఏడాదికి 96,000 అయితే నెలకు మరో 8,000 పడుతుంది. అంటే నెల ఖర్చు 38,000. ఆరు నెలలనుకున్నది ఐదు నెలలకు కూడా రాదు. చేతిలో ఉద్యోగం లేకుండా మానేస్తుంటే ఈ అసలు లెక్క మీదే కనీసం ఆరు నెలలకు సరిపడా ఉండాలి. రెండు నెలల డబ్బు మిగిలేసరికి దొరికిన పనిలో చేరిపోవాలని ముందే నిశ్చయించుకోండి.

వీలైతే ఉద్యోగంలో ఉంటూనే వెతకండి. "మీరు రిజైన్ చేసేయండి, లెటర్ వారంలో పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి. జీతం, హోదా, చేరే తేదీ రాసి సంతకం చేసిన ఆఫర్ లెటర్ చేతికి రావాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ షరతు ఉంటే అదీ పూర్తికావాలి. తర్వాత మీ పాత ఒప్పందం తీసి నోటీసు ఎన్ని రోజులు, బోనస్ ఏ తేదీన ఖాతాలో పడుతుంది, ఇంత కాలం పనిచేస్తానని రాసిచ్చిన బాండ్ ఉందా, ఆరోగ్య బీమా ఏ రోజుతో ముగుస్తుంది అన్నవి చూడండి. తేదీని రెండు వారాలు జరిపితే ఏడాది బోనస్ చేతికొచ్చే సందర్భాలుంటాయి. కొత్తచోట బీమా మొదలయ్యేదాకా మధ్యలో ఖాళీ రోజులుంటే వాటికి విడిగా పాలసీ తీసుకోండి.

రాజీనామా సంగతి ముందు మేనేజర్‌కు నోటితో చెప్పి, తర్వాత మెయిల్ పెట్టండి. అందులో ఇంతే: "ఈ మెయిల్‌ను నా రాజీనామాగా స్వీకరించగలరు. ఒప్పందం ప్రకారం నా చివరి పనిదినం ఫలానా తేదీ. అప్పటిలోగా పనులన్నీ అప్పగిస్తాను. ఇన్నాళ్లూ ఇచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు." కారణాలు, ఫిర్యాదులు రాయకండి. ఆ కాగితం మీ ఫైల్లో ఉండిపోతుంది. జీతం పెంచుతాం, ఉండిపొమ్మంటే నోటుబుక్కు తెరవండి. అందులో జీతం మాటే ఎక్కువసార్లు ఉంటే ఆలోచించవచ్చు. లేదంటే పెరిగిన జీతంతో అదే మంగళవారం మళ్లీ వస్తుంది.

పే స్లిప్పులు, పన్ను కాగితాలు, అపాయింట్‌మెంట్ లెటర్, అప్రైజల్ లెటర్లు రాజీనామా మాట నోటివెంట రాకముందే మీ దగ్గర భద్రం చేసుకోండి. కొన్నిచోట్ల మెయిల్ పంపిన గంటలోనే లాగిన్ ఆపేస్తారు. మీ పేరుమీదున్న కాగితాలే తీసుకోండి. కస్టమర్ల జాబితా, కోడ్, ధరల పట్టిక లాంటివి మీరే తయారుచేసినా సంస్థవే, వాటిలో ఒక్కటి మీ సొంత మెయిల్‌కు వెళ్లినా కేసుదాకా పోవచ్చు.