ఫోల్డర్ సైజుల స్క్రిప్టు తప్పు లెక్క చెబుతోందా? ఇక్కడ చూడండి

నెల్లూరులో మా తమ్ముడికి ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే డీ డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత చూపిస్తుంది. కోవూరు పెళ్లి, బుచ్చిలో ఓణీల ఫంక్షన్, రొట్టెల పండుగ... ఇలా ఒక్కో పనికి ఒక్కో ఫోల్డరు. ఏది ఎంత స్థలం తింటోందో తెలియక, ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తూ కూర్చునేవాడు. అందుకే ఒక్కో ఫోల్డరు సైజు లెక్కగట్టి చెప్పేలా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇద్దరం కలిసి చిన్న స్క్రిప్టు రాశాం. కొత్తగా రాసేవాళ్లందరికీ దాదాపు ఇవే చిక్కులు ఎదురవుతాయి కాబట్టి, మాకు ఎదురైన వరసలోనే చెబుతాను.

మొదటి లైన్లోనే యూనికోడ్ ఎర్రర్, లేదా ఎర్రర్ లేకుండా మొత్తం సున్నా

కారణం పాత్‌లోని, అంటే ఫోల్డరు చిరునామాలోని బ్యాక్‌స్లాష్ (\). పైథాన్‌లో బ్యాక్‌స్లాష్‌కి, దాని పక్కనున్న అక్షరానికి కలిపి వేరే అర్థం ఉంటుంది. సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ పాత్ రాస్తే, బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద యూ పడి ఎర్రర్ వస్తుంది. మాది ఇంకా తిప్పలు పెట్టింది. ఫోల్డరు పేరు నెల్లూరు, ఇంగ్లీషులో చిన్న ఎన్‌తో మొదలైంది. బ్యాక్‌స్లాష్, ఎన్ కలిస్తే కొత్త లైను అని అర్థం. అలాంటి ఫోల్డరే లేదు కాబట్టి, ఫోల్డర్ల లోపలికి దిగి చూసే ఓఎస్ వాక్ (os.walk) అనే పైథాన్ ఫంక్షన్ మారు మాట్లాడకుండా ఖాళీగా తిరిగొచ్చింది. కొటేషన్ ముందు చిన్న ఆర్ అక్షరం పెట్టండి, సరిపోతుంది.

ఏ ఫోల్డరు చూసినా సున్నా, లేదంటే 4096

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వందల ఫోటోలున్న కోవూరు పెళ్లి 4096 బైట్లు, నాలుగు ఫోటోలున్న ఫోల్డరూ 4096 బైట్లే! స్క్రిప్టు తప్పు చెప్పడం లేదు, మనం అడిగిందే తప్పు. ఫోల్డరు మీద, సైజు చెప్పే గెట్‌సైజ్ (getsize) ఫంక్షన్ వాడితే వచ్చేది ఆ ఫోల్డరు ఎంట్రీ సైజు మాత్రమే, లోపలున్న ఫైళ్లది కాదు. సంచీ బరువు తూచి బియ్యం బరువు అనుకున్నట్టు.

ఓఎస్ వాక్‌తో లోపలికి దిగి, ప్రతి ఫైలు సైజూ కూడాలి. అది ప్రతి మెట్టులోనూ మూడు ఇస్తుంది: ఇప్పుడున్న ఫోల్డరు పాత్, అందులోని ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు. ఇచ్చేది పేరు మాత్రమే, పూర్తి పాత్ కాదు. జాయిన్ (os.path.join) ఫంక్షన్‌తో పాత్‌నీ పేరునీ కలపకపోతే, కళ్ల ముందున్న ఫైలుకే 'ఫైల్ నాట్ ఫౌండ్' అంటుంది.

కిందికి వెళ్లేకొద్దీ ఒక్కో ఫోల్డరు పైదానికన్నా పెద్దది

మొత్తాన్ని సున్నా చేసే లైను, ఒక్కో ఫోల్డరునూ వరసగా తీసుకునే లూపు బయట ఉండిపోయింది; అందుకే పాత లెక్క మీదే కొత్తది కూడుతోంది. లోపలికి జరపండి.

పెద్దవి పైకి రావాలి, కానీ 98 ఎంబీ పైన, 142 జీబీ కింద

సైజు పక్కన ఎంబీ, జీబీ అతికించాక వరస పెట్టారన్నమాట. అప్పుడది అంకె కాదు, అక్షరాలు. అక్షరాల లెక్కలో ముందు మొదటి గుర్తునే పోలుస్తారు, 9 ఎప్పుడూ 1 కన్నా పెద్దదే. ముందు బైట్లతో వరస పెట్టి, ప్రింట్ చేసేటప్పుడు మాత్రమే ఎంబీ, జీబీలోకి మార్చండి.

విండోస్ చూపే అంకెతో కలవడం లేదు

మీరు 1000తో భాగిస్తున్నారేమో చూడండి, విండోస్ 1024తో భాగిస్తుంది. ఒక టీబీ డిస్కు కొంటే 931 జీబీ కనబడేది కూడా ఇందుకే. పోల్చేటప్పుడు ప్రాపర్టీస్‌లోని 'సైజ్' చూడండి, 'సైజ్ ఆన్ డిస్క్' వేరే లెక్క. వన్‌డ్రైవ్‌లో క్లౌడ్‌లోనే ఉన్న ఫైళ్లు డిస్కు మీద లేకపోయినా పూర్తి సైజు చూపిస్తాయి.

లెక్క తక్కువ వస్తే మాత్రం పర్మిషన్ సంగతి చూడాలి. తెరవలేని ఫోల్డర్లను ఓఎస్ వాక్ చెప్పకుండా దాటేస్తుంది. దానికి ఆన్‌ఎర్రర్ (onerror) దగ్గర ఒక ఫంక్షన్ ఇచ్చి, దాటేసినవాటి పేర్లు ప్రింట్ చేయించండి. ఎర్రర్ కనబడకుండా నొక్కేసే స్క్రిప్టును నేనైతే నమ్మను.

తెలుగు పేర్ల దగ్గర ఆగిపోతోంది

ఫలితాన్ని ఫైల్లో రాసేటప్పుడు 'చార్‌మ్యాప్' అని ఎర్రర్ వస్తే, ఫైలు తెరిచే ఓపెన్ ఫంక్షన్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) యూటీఎఫ్-8 (utf-8) అని ఇవ్వండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనబడుతున్నాయా? ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ (utf-8-sig) వాడండి.

డ్రైవ్ మొత్తం మీద నడిపేముందు, ఒక కొత్త ఫోల్డర్లో మూడు ఫోటోలు వేసి, అందులో ఒకదాన్ని లోపలి ఫోల్డర్లో పెట్టి చూడండి. స్క్రిప్టు అంకె, ప్రాపర్టీస్ అంకె బైటుతో సహా కలవాలి. మావి కలిశాక డీ డ్రైవ్ మీద నడిపాం. అన్నిటికన్నా పైన తేలింది వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాచుకున్న కాష్ ఫోల్డరు, 96 జీబీ. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోంచే దాన్ని ఖాళీ చేశాం. ఒక్క పెళ్లి ఫోటో కూడా తీయాల్సిన అవసరం రాలేదు.