మధ్యాహ్నం దాకా నీరు కారని శనగల సలాడ్
క్యారియర్‌లో పెట్టిన శనగల సలాడ్ మధ్యాహ్నానికి నీళ్లూరిపోతుంటే, ఉప్పు ఎప్పుడు వేస్తున్నారో చూసుకోండి. ఉప్పు తగిలితే కీరా, టమోటా నీరు వదిలేస్తాయి. అందుకే శనగలు ఉడికేటప్పుడే ఉప్పు వేసేయాలి. రాత్రి నానబెట్టిన శనగల్ని మెత్తగా ఉడికించి, వార్చి, బట్ట మీద పరిచి బాగా ఆరనివ్వండి. వేడి మీదే మూత పెడితే మన కర్నూలు ఎండకు పాచిపోవడం ఖాయం. కీరా, టమోటాల్లో గింజల భాగం గీకేయండి. క్యారెట్, క్యాప్సికం, క్యాబేజీ ఎంత వేసినా పర్వాలేదు, శనగలకు సమానంగా ఉన్నా బాగుంటుంది. ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మచెక్క మాత్రం చిన్న డబ్బాలో వేరుగా. లేదంటే మూత తీయగానే ఆఫీసంతా వాసన! వేయించిన చెనిగ్గింజలు (వేరుశనగలు) కూడా తినేముందే చల్లుకోండి, ముందే కలిపితే మెత్తబడతాయి.