ఎం1 హెల్మెట్ మీద వల జారిపోతుంటే ఇలా సెట్ చేశా

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఎం1 హెల్మెట్ ఒకటి నా దగ్గరుంది, దానికి కామఫ్లాజ్ వల వేస్తే లోపల లైనర్ (ఉక్కు షెల్ లోపల ఇమిడే తేలికపాటి టోపీ) సరిగ్గా కూర్చునేది కాదు, వల కూడా నెమ్మదిగా పైకి జారిపోయేది. కారణం ఏంటంటే వల అంచు మొత్తం ముందూ వెనకా ముద్దగా మడతపడి ఉంది. వలని తడిపి, గట్టిగా లాగి, మిగిలిన అంచుని చుట్టూ సమానంగా సర్ది, ఉక్కు షెల్‌కీ లైనర్‌కీ మధ్యలో దోపి లైనర్‌ని గట్టిగా నొక్కితే టక్కున దిగింది. ఆరాక వల బిగుసుకుంది కూడా.

ఇక వల మీద చుట్టూ వేసే రబ్బరు బ్యాండ్. ఆర్మీ ఇచ్చిన నియోప్రీన్ (ఒకరకం కృత్రిమ రబ్బరు) బ్యాండ్ యుద్ధం చివర్లో గానీ రాలేదు, అంతకుముందు చాలామంది పాత టైరు ట్యూబులు కోసి చుట్టుకునేవాళ్ళట. నేనూ అదే చేశా, పంక్చర్ షాపులో పాత లారీ ట్యూబ్ అడిగి అడ్డంగా అంగుళం వెడల్పు రింగ్ కోసి తొడిగా, సైకిల్ ట్యూబ్ అయితే సాగి సాగి తెగుతుంది, వద్దు. వల పని ఉక్కు మెరుపు తగ్గించి గుండ్రటి ఆకారాన్ని చెదరగొట్టడం, బ్యాండ్‌లో ఆకులూ రెమ్మలూ దోపుకోవచ్చు, కాబట్టి బ్యాండ్ మరీ బిగుతుగా ఉండకూడదు, వేలు దూరేంత వదులుంటే చాలు.