కొత్త ఊళ్ళో ఇల్లు: ముందు నీళ్ళు చూడండి, గదులు తర్వాత

బ్యాంకు ఉద్యోగంలో కొన్నేళ్ళకోసారి సామాను సర్దుకోవడం తప్పదు. రాజమండ్రి, కర్నూలు, వరంగల్ అయ్యాయి, ఇప్పుడు హైదరాబాద్. ఏ ఊరు వెళ్ళినా ఇల్లు వెతికే పని మా ఇంట్లో నాదే. అందుకే చుట్టాల్లో ఎవరికి బదిలీ వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు హైదరాబాద్‌నే తీసుకుంటాను, అద్దె ఇంటి గురించే చెబుతాను. కొత్త ఊళ్ళో మొదటి ఏడాది ఇల్లు కొనకండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడ గడిపాక కొనాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది.

ముందు ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఎవరు రోజూ ఎక్కడికి వెళ్ళాలో రాయండి. మా వారి ఆఫీసు గచ్చిబౌలి వైపు, నా బ్రాంచి దిల్‌సుఖ్‌నగర్‌లో. ఊరికి ఇది ఒక కొస, అది ఇంకో కొస. మెట్రో మ్యాప్ ముందేసుకుంటే దారి దొరికింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే రెడ్ లైను, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే బ్లూ లైను అమీర్‌పేటలో కలుస్తాయి. అమీర్‌పేట స్టేషన్‌కి నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు తీసుకుంటే ఇద్దరికీ రైలు మారే పని లేదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. గచ్చిబౌలి అవతలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసైతే అక్కడి నుంచి బస్సో, క్యాబో, షేర్ ఆటోనో చూసుకోవాలి. ఆ ముక్క ప్రయాణం కూడా లెక్కలో వేయండి. ఇక పిల్లల బడి మాత్రం ఇంటికి దగ్గరే ఉండాలి. పెద్దవాళ్ళం ఎంత దూరమైనా తిరగగలం, ఆరేళ్ళ పిల్ల రోజూ స్కూలు బస్సులో గంటన్నర కూర్చోలేదు.

వీలుంటే ఒకరు ముందు వచ్చి హాస్టల్లోనో చుట్టాల ఇంట్లోనో కొన్నాళ్ళు ఉండి వెతకడం మంచిది. అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌లలో హాస్టళ్ళకు కొదవ లేదు. వేసవి సెలవుల్లో అందరూ ఇళ్ళ కోసం తిరుగుతుంటారు కాబట్టి అద్దెలు దిగవు. ఆషాఢంలో చాలామంది ఇల్లు మారరు. అప్పుడు ఖాళీ ఇళ్ళు అలాగే ఉండిపోతాయి, ఓనర్లు కూడా కాస్త తగ్గుతారు. పైగా అది వానల కాలం, వీధి అసలు సంగతి బయటపడేది అప్పుడే.

ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి టోకెన్ అడ్వాన్స్ పంపకండి. 'నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, గేట్ పాస్‌కి ఇంత పంపితే ఇల్లు చూపిస్తారు' అని క్యూఆర్ కోడ్ పంపే మోసం చాలాచోట్ల జరుగుతోంది. ఇంట్లో అడుగు పెట్టకుండా, ఓనర్‌తో మాట్లాడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇక నీళ్ళు. నేను అన్నిటికంటే ముందు చూసేది ఇవే. చాలామంది హాలు ఎంతుంది, తూర్పు ముఖమా కాదా అని చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నీళ్ళ గురించి అడిగితే ఓనర్ 'ఇరవై నాలుగ్గంటలూ ఉంటాయమ్మా' అంటారు. అది ట్యాంకులో నీళ్ళ సంగతి. ట్యాంకులోకి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది మనం అడగాలి. హైదరాబాద్‌లో జలమండలి (ఊరికి కుళాయి నీళ్ళిచ్చే సంస్థ) నీళ్ళను ఇప్పటికీ చాలామంది 'మంజీరా నీళ్ళు' అంటారు. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు వస్తాయి. అవి వస్తాయా, ఏ వేళకి వస్తాయి, ఎంతసేపు వస్తాయి, సంపు ఎంత పెద్దది? బోరు ఎండాకాలంలో ఆగకుండా పోస్తుందా? మార్చి నుంచి మే దాకా నెలకి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిసి ఉంటుందా, విడిగా కట్టాలా? ఈ ప్రశ్నలు ఓనర్‌ని అడగండి, తర్వాత అవే వాచ్‌మన్ భార్యని అడగండి. మోటార్ వేసేది ఆవిడే. రెండు జవాబులూ ఒకటైతే నమ్మొచ్చు.

బాత్రూమ్ కుళాయిల మీద, బకెట్ల అంచుల మీద తెల్లటి పొర పేరుకుని ఉంటే బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువని అర్థం. గీజరూ వాషింగ్ మెషీనూ త్వరగా పాడవుతాయి, తాగే నీళ్ళు కొనుక్కోవాలి. అద్దె రెండు వేలు తక్కువని సంబరపడితే ఆ రెండు వేలూ నీళ్ళకే పోతాయి.

నీళ్ళు రాకపోవడం ఒక కష్టం, రాకూడని చోటుకి రావడం ఇంకో కష్టం. 2020 అక్టోబర్ వానలకు టోలిచౌకిలో నదీమ్ కాలనీ మునిగింది, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ దాకా నీళ్ళు వచ్చాయి, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి. మనలాగే బయటి ఊళ్ళ నుంచి వచ్చి అక్కడ అద్దెకున్నవాళ్ళూ ఉండి ఉంటారు. చెరువు ఎంత దూరంలో ఉంది, దాని అలుగు నీళ్ళు ఏ దారిన పోతాయి అన్నది వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాపులు ఉన్నాయి, చూడండి. దానికన్నా తేలిక పని, వీధి చివరి కిరాణా కొట్టాయనను 'ఇరవైలో ఇక్కడిదాకా నీళ్ళు వచ్చాయాండీ?' అని అడగడం. వచ్చి ఉంటే ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు. సెల్లార్ గోడల మీద చార కనబడినా, వీధిలో ఇళ్ళన్నీ మెట్లు ఎక్కువగా కట్టుకుని ఉన్నా మళ్ళీ అడగండి.

ఇల్లు నచ్చితే ఒక్కసారి చూసి మాట ఇచ్చేయకండి. పొద్దున ఆఫీసు వేళ ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్ళండి. మెట్రో స్టేషన్ నుంచి ఇంటిదాకా రాత్రిపూట నడిచి చూడండి. ఆ దారిన మీ అమ్మాయి ఒంటరిగా రాగలదా అన్న ప్రశ్నకు మీకు వెంటనే అవునని అనిపించాలి. దీపాలు లేని సందు ఉంటే నేను ఆ ఇల్లు వదిలేస్తాను, ఎంత బాగున్నా సరే. ఇస్త్రీ బండి ఉంటే అక్కడ నాలుగు మాటలు మాట్లాడండి. ఎవరు ఎందుకు ఖాళీ చేశారో ఆ బండి దగ్గర తెలుస్తుంది.

లోపల చూడాల్సినవి కొన్నే. పడమటి గోడ ఎండకు కాలే గది పిల్లలకు ఇవ్వకండి. పై అంతస్తు అయితే ఏప్రిల్, మే నెలల కరెంటు బిల్లులు చూపించమనండి. మా అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, కాబట్టి లిఫ్ట్ ఉందా అన్నదానితో నేను ఆపను, కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్ట్ నడుస్తుందా అని అడుగుతాను. బాల్కనీకి పావురాల వల ఉందో లేదో చూడండి. మీటర్ మీ ఫ్లాట్‌కి విడిగా ఉండాలి. బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబర్‌తో (అది ఆ కరెంటు కనెక్షన్ నంబర్) పాత బకాయిలేమైనా ఉన్నాయేమో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

ఓనర్ దగ్గర మొహమాటం వద్దు. మాంసం వండుతారా, నైట్ షిఫ్టులు ఉన్నాయా, ఊరి నుంచి వచ్చినవాళ్ళు వారం ఉంటారా అన్నవి ముందే చెప్పేయండి. కాదంటే ఆ రోజే తేలిపోతుంది. అడ్వాన్స్ ఇక్కడ మామూలుగా రెండు నెలల అద్దె ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు ఉంది. మా తోటి ఉద్యోగినికి ఆ సంగతి తాళాలు తిరిగిచ్చేదాకా ఓనర్ చెప్పలేదు. పట్టుకుంటే ఎంతో, నోటీసు ఒక నెలా రెండు నెలలా, ఏటా అద్దె ఎంత శాతం పెంచుతారో అగ్రిమెంట్‌లో రాయించండి. అగ్రిమెంట్ ఎక్కువగా 11 నెలలకే రాస్తారు. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు చూపించేవాళ్ళయితే, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కావాలి. దాన్ని అగ్రిమెంట్ రోజే తీసుకోండి, మార్చిలో అడిగితే ఇద్దరికీ టెన్షన్.

పాలు పొంగించే రోజుకి ముందే, ఖాళీగా ఉండగానే ఇల్లంతా ఒక వీడియో తీయండి. గోడల చెమ్మ, పగిలిన టైల్స్, మీటర్ రీడింగ్ అన్నీ కనబడాలి. దాన్ని అదే రోజు ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. చేతికి వచ్చిన తాళాలు ఎన్నో కూడా ఆ మెసేజ్‌లోనే రాయండి.