'ఎలెయో' అంటే ఉత్త జాలి కాదు: ఈ గ్రీకు క్రియను ఇలా చదవండి

నిఘంటువుతో మొదలుపెట్టకండి, ముందు బైబిల్లో మార్కు సువార్త 10:47 తెరవండి. దారి పక్కన అడుక్కుంటున్న గుడ్డివాడు బర్తిమయి యేసును చూసి కాదు, ఆయన వస్తున్నాడని విని "నన్ను కరుణింపుము" అని కేకలు వేస్తాడు కదా, అక్కడ మూలభాష గ్రీకులో ఉన్న మాట 'ఎలెయిసోన్', అంటే 'ఎలెయో' క్రియకు అభ్యర్థన రూపం. అతను అడిగింది ఓదార్పు కాదు, చూపు. ఈ క్రియలో మనసు కరగడంతో పాటు చెయ్యి కదలడం కూడా ఉంది, నాకు బాగా నచ్చేది అదే.

తర్వాత మత్తయి 18కి వెళ్లండి, ఇక్కడ మాత్రం నిదానంగా చదవాలి. అక్కడ యేసు చెప్పిన కథలో ఒక యజమాని అప్పుపడ్డ దాసుణ్ణి వదిలేస్తాడు. 27వ వచనంలో యజమాని "కనికరపడి" అన్నచోట ఉన్నది వేరే క్రియ, 'స్ప్లాంక్నిజొమై'. దాని మూలం పేగులు! మనం కడుపు తరుక్కుపోయింది అంటామే, అచ్చం అలాగే. 33వ వచనంలో యజమాని ఆ దాసుణ్ణి నిలదీసే మాటల్లో "కరుణించిన", "కరుణింపవలసి" రెండూ ఎలెయోనే: పదివేల తలాంతుల (చాలా పెద్ద మొత్తం) అప్పు మాఫీ అయినవాడు నూరు దేనారాల (దానితో పోలిస్తే చిన్న మొత్తం) కోసం తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు.

తెలుగు బైబిల్లో కరుణ, కనికరం అటూ ఇటూ మారుతుంటాయి, కాబట్టి తెలుగు మాటను బట్టి గ్రీకును ఊహించకండి. స్ట్రాంగ్స్ (బైబిల్ మూలభాషా మాటలకు నంబర్లు ఇచ్చే పదసూచిక) గ్రీకు నంబరు 1653 కొట్టి చూడండి, అదే ఎలెయో.